నొక్కకుండానే పడ్డ పిడుగు

ఆ ఆలుమగలిద్దరి పని పిడుగులు వెయ్యడం. కంపెనీల వాళ్లు విమానాల రెక్కల ముక్కలు పట్టుకొని ఆ షెడ్డుకి వస్తారు. ఆకాశంలో నిజం పిడుగు పడితే ఆ రెక్క నిలుస్తుందో చీలుతుందో ముందే తెలుసుకోవాలి కదా మరి. షెడ్డు మధ్యలో ఇనుప జల్లెడ కట్టిన పెద్ద బోను, బోనులో వరసలు వరసలుగా కరెంటు నింపి దాచే కెపాసిటర్లు, ఒక్కో కెపాసిటరు నెత్తిన ఒక్కో స్విచ్చి.

స్విచ్చి అంటే గోడ మీద టిక్కుమనే స్విచ్చి అనుకునేరు. నీళ్ల కూజా అంత ఉండే మందపాటి గొట్టం అది. లోపల ఎదురెదురుగా రెండు లోహపు బొడిపెలు, మధ్యన వేలెడు కూడా లేని ఖాళీ, ఆ ఖాళీ నిండా ఒత్తిడి పెట్టి కుక్కిన గ్యాసు. గ్యాసు గట్టిగా ఉన్నంతసేపూ కరెంటు ఇటునుంచి అటు దూకలేదు. కెపాసిటర్లన్నీ నిండాక ట్రిగ్గరు నొక్కితే లోపల సన్నటి కడ్డీ దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వతో, అంతసేపూ అడ్డం నిలబడ్డ గ్యాసే దారి ఇచ్చేస్తుంది. అన్ని స్విచ్చులూ ఒకేసారి దారి ఇవ్వాలి. అప్పుడు పడేదే పిడుగు.

ఆ స్విచ్చులన్నీ ఆమె చేతి మీదుగా నడుస్తాయి. విప్పడం, బొడిపెలు సానపట్టడం, తుడిచి మళ్లీ బిగించడం అంతా ఆమే. అందుకే షెడ్డులో చిన్నాపెద్దా అందరూ ఆమెని స్పార్కక్క అంటారు. వాటిలోకి గ్యాసు పంపేది ఆమె మొగుడు. "మా ఆయన గ్యాసు మనిషండీ. మాటల్లో కాదు, సిలిండర్లలో" అని కొత్తవాళ్లకి పరిచయం చేసేది. ప్రతిసారీ అదే జోకు. ప్రతిసారీ అతను అప్పుడే విన్నట్టు నవ్వేవాడు.

ఇంట్లో అత్తగారి ముందు అతన్ని "మీరు" అనేది. ఇద్దరే ఉన్నప్పుడూ, షెడ్డులోనూ "నువ్వు". ఆ సంగతి అత్తగారికీ తెలుసు, తెలీనట్టు ఊరుకునేది.

గొడవ మొదలైంది ఓ పెద్ద కంపెనీ ఇంజినీరు వచ్చిన రోజున. సూటు వేసుకొని కంట్రోల్ రూములో కూర్చొని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. అతని మెప్పు కోసం షెడ్డు డైరెక్టరుగారు స్వయంగా కంట్రోలు బల్ల ముందు కూర్చున్నారు. పొద్దున్నుంచీ పిడుగులు సరిగ్గానే పడ్డాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య బోను తెరిచి, రెక్క ముక్క మార్చి, తలుపు వేసి మళ్లీ ఛార్జింగు పెట్టడం. మధ్యాహ్నం అలాగే షెడ్డులో ముక్కలు బిగించే వెల్డరు లోపలికెళ్లి ముక్క మార్చి బయటకొచ్చాడు. తలుపు గడియ పడింది. ఛార్జింగు మొదలైంది. మీటరు సూది ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది, ట్రిగ్గరు మీద ఎవరి చెయ్యీ లేదు. ధడాలుమంది.

స్విచ్చి తనంతట తానే పేలింది. రెక్క ముక్క వంకరగా చీలిపోయింది. వెల్డరు తలుపు పక్కనే గోడకి ఆనుకొని నిలబడి తన రెండు చేతులూ ఎగాదిగా చూసుకుంటున్నాడు, ఉన్నాయో లేవో అన్నట్టు.

"నేనింకా లోపలే ఉండుంటే?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పేలిన స్విచ్చి విప్పింది. గొట్టం లోపలి గోడ మీద గోధుమరంగు మసి పొర కనిపించింది. పేలింది కదా, మసి ఉండకేం చేస్తుందని తుడిచేసింది. బొడిపెలు మాత్రం నున్నగా, పోయిన వారం తను సానపట్టినట్టే ఉన్నాయి. మరి ఎందుకు పేలింది? గ్యాసు తక్కువైతే పేలుతుంది. కానీ గేజి ఒత్తిడి సరిగ్గానే చూపించిందని మొగుడు చెప్పాడు.

చెప్పాడు. ఆమె చూడలేదు.

మర్నాడు డైరెక్టరుగారు ఆమెని గదిలోకి పిలిచారు. టీ తెప్పించారు. మనిషి నెమ్మదస్తుడు, గొంతు ఎప్పుడూ పెంచడు.

"కూర్చో అమ్మా. ఎలా అడగాలో తెలీడం లేదు. మీ ఆయన ఈమధ్య పరధ్యానంగా ఉంటున్నాడా?"

"అలాంటిదేం లేదే సార్."

"లేకపోతే మంచిదే. గ్యాసు పనిలో చిన్న ఏమరుపాటు చాలు, నీకు నేను చెప్పాలా? నేనేం అనడం లేదమ్మా. అడుగుతున్నానంతే. ఈ మాట నీ దగ్గరే ఉండనీ."

టీ సగం తాగి లేచి వచ్చేసింది. ఆ మాట మాత్రం ఆమెతో పాటే వచ్చింది, కాల్లో విరిగిన ముల్లులా.

ఇక ఆ రోజునుంచీ ఆమె కంటికి మొగుడు వేరే మనిషిలా కనపడటం మొదలుపెట్టాడు. అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగిపోతున్నాడు. ఏదైనా అడిగితే రెండోసారి అడిగాక పలుకుతున్నాడు. ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసే బస్సెక్కేవాళ్లు, ఇప్పుడు తనకంటే ముందే బయల్దేరిపోతున్నాడు. "నువ్వు మెల్లగా రా, నాకు కాస్త పనుంది" అంటాడు. ఏం పనో చెప్పడు.

ఇది అత్తగారి కంటా పడింది. ఒకరోజు పొద్దున్నే కూరగాయలు తరుగుతూ కోడల్ని దగ్గరికి పిలిచింది.

"ఏమ్మా, వాడు ఇంత పొద్దున్నే తల నున్నగా దువ్వుకొని ఎక్కడికే పోతున్నాడు?"

"షెడ్డుకే అత్తయ్యా."

"షెడ్డుకి దువ్వెన దేనికి? కెపాసిటర్లు చూసి మెచ్చుకుంటాయా? వాళ్ల నాన్నని నలభై ఏళ్లు కాపలా కాశాను, నాకు తెలీదా ఈ దువ్వుడు! ఎవరో ఉన్నారు. నువ్వు కళ్లు తెరువు."

ఆమెకి నవ్వొచ్చింది, మరుక్షణం ఏడుపొచ్చింది. ఎవరో ఉంటే బాగుండు, నాలుగు దులిపేసి ఊరుకోవచ్చు అనిపించింది. ఆమె భయం అది కాదు. మొగుడు ఆ రోజు గ్యాసు తక్కువ నింపాడు, ఇప్పుడు దాన్ని కప్పిపుచ్చుకుంటున్నాడు. వెల్డరు చచ్చిపోయి ఉండేవాడు. ఆ సంగతి తెలిసి కూడా ఈయన కంచం ముందు కూర్చొని ఉప్పు అందుకుంటున్నాడు.

ఒక సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుంటే ఆమె గ్యాసు ప్యానెల్ దగ్గరికి వెళ్లింది. గేజి అద్దం మీద సూది మొన దగ్గర గోళ్లరంగుతో ఆవగింజంత చుక్క పెట్టింది. మర్నాడు వచ్చి చూస్తే సూది చుక్కని దాటి పైకి పోయింది. ఆ మర్నాడు ఇంకాస్త పైకి. ఎవరో ఒత్తిడి పెంచుతున్నారు, ఎవరికీ చెప్పకుండా.

ఎవరో ఏమిటి, రెగ్యులేటరు తాళం చెవి ఉన్నది అతని దగ్గరే.

కళ్లారా చూస్తే గానీ నమ్మకూడదని, ఒకరోజు అతని వెనకే తర్వాతి బస్సు ఎక్కింది. షెడ్డు పక్క తలుపులోంచి చప్పుడు కాకుండా వచ్చి సిలిండర్ల వరస వెనక నిలబడింది. అతను ప్యానెల్ ముందున్నాడు. ఒకసారి వెనక్కి చూశాడు. ఒకసారి కంట్రోల్ రూము వైపు చూశాడు. రెగ్యులేటర్ని మెల్లగా, పసిపిల్ల చెవి మెలిపెట్టినంత మెల్లగా తిప్పాడు. చేతులు తుడుచుకున్నాడు. తల దువ్వుకున్నాడు.

ఆ దువ్వెన చూసి ఆమె ఒళ్లు మండింది. దొంగపని చేసి కూడా ఎంత తీరిగ్గా ఉన్నాడు!

"ఏం చేస్తున్నావ్?" అని అక్కడే అడగాల్సింది. అడగలేదు. వచ్చిన దారినే బయటికి వెళ్లిపోయి, అప్పుడే వచ్చినట్టు ముందు గేటులోంచి వచ్చింది. అతను "వచ్చావా?" అన్నాడు. "వచ్చానండీ, మీ పని అయిందా?" అంది.

షెడ్డులో ఆమె నోట "మీరు" రావడం అదే మొదలు. అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె సంచీ వైపు మాత్రం ఒకసారి చూశాడు. సంచీలో పేలిన స్విచ్చి బొడిపెలు రుమాల్లో చుట్టి ఉన్నాయి. భూతద్దం కింద పెట్టి చూద్దామని ఇంటికి తీసుకుపోతూ, తెస్తూ ఉంది. నా సంచీ మీద ఈయన కన్నెందుకు పడిందో అనుకుంది.

పెద్ద కంపెనీ ఇంజినీరు మళ్లీ వస్తాడన్నారు. ఆ రోజుకి గేజి సూది, చుక్కకి బాగా ఎగువన ఉంది. అది చూసి ఏమవుతుందో ఆమెకి తెలుసు. గ్యాసు మరీ బిగుసుకుంటే తనంతట తాను పేలదు సరే, కానీ ట్రిగ్గరు నొక్కినా కొన్ని స్విచ్చులు దారి ఇవ్వవు. పిడుగు సగమే పడుతుంది. పడనీ, అనుకుంది. అందరి ముందూ నీరసంగా పడనీ. గ్యాసు సంగతేమిటని అప్పుడు అందరూ అడుగుతారు, నా నోటితో నా మొగుణ్ణి పట్టివ్వక్కర్లేదు. మిగిలిపోయిన కరెంటంతా డంపులోకి పోతుంది కాబట్టి ప్రమాదం ఏమీ ఉండదు. అలా లెక్క వేసుకొని నోరు మూసుకుంది.

డంపు అంటే పిడుగు పడ్డాక ప్రతి కెపాసిటర్లోనూ మిగిలిన కరెంటుని తీగల ద్వారా లాగి, వేడి రూపంలో వదిలించేసే ఏర్పాటు. అయితే మొన్న స్విచ్చి పేలినప్పుడు ఆ అదురుకి వెనక వరసలో ఒక కెపాసిటరు డంపు తీగ తెగి ఉంది. చుట్టు పైకి అలాగే ఉంది, లోపల తెగింది. ఆ సంగతి ఎవరికీ తెలీదు.

ఇంజినీరు వచ్చి కూర్చున్నాక ట్రిగ్గరు నొక్కారు. పిడుగు పడింది, కానీ సగం గొంతుతో. ఇంజినీరు కనుబొమలు ముడిచాడు. డైరెక్టరుగారు ఆమె వైపు చూశారు. ఆమె మొగుడి వైపు చూసింది. అతను ముఖం మాడ్చుకొని ఎర్తింగు కర్ర పట్టుకొని బోనులోకి నడిచాడు. కొసన రాగి కొక్కెం ఉండే పొడవాటి కర్ర అది. లోపలికి ఎవరు వెళ్లినా ముందు దాన్ని ఒక్కో కెపాసిటరుకీ తగిలించి, ఖాళీ అని తేల్చుకొని మరీ అడుగు వెయ్యాలి. కంట్రోలు బల్ల మీద మీటరు సున్నా చూపిస్తోంది, తీగ తెగిన కెపాసిటరు దాని లెక్కలోకి రాదు. మొదటి వరస అయింది. రెండో వరస అయింది. వెనక వరసలో కొక్కెం తగిలించాడో లేదో, బోను మొత్తం తెల్లగా వెలిగిపోయింది. పిడుగుకంటే పెద్ద శబ్దం.

"ఏయ్!" అని అరిచింది ఆమె. పేరు రాలేదు, ఏవండీ రాలేదు. పరుగెత్తింది. వెల్డరు ఆమెని భుజం పట్టి ఆపి, "అక్కా, ఆగు, కర్ర తాకిస్తూ వెళ్లు!" అని ఇంకో కర్ర చేతికిచ్చాడు. మిగతావన్నీ తాకించుకుంటూ లోపలికి వెళ్లింది.

అతను వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కర్ర పొడవుగా ఉండబట్టి బతికాడు. కుడి అరచెయ్యి కమిలింది, చెవుల్లో రక్తం లేదు గానీ ఏమీ వినపడటం లేదని సైగ చేశాడు.

"ఎందుకు పెంచావు? చెప్పు, గ్యాసు ఎందుకు పెంచావు?" అని అతని చొక్కా పట్టుకొని ఊపేసింది.

పెదాలు చూసి అర్థం చేసుకున్నాడేమో, గట్టిగా, చెవిటివాళ్లు మాట్లాడినట్టు అరిచాడు. "నీ కోసమే! నీ బొడిపెలు అరిగిపోయాయి కదా!"

ఆమె చొక్కా వదిలేసింది.

డాక్టరు చూసి, ఎడమ చెవి కొద్ది రోజుల్లో తేరుకుంటుంది, కుడిది కాస్త ఆలస్యం అన్నాడు. వారం పోయాక ఇద్దరూ షెడ్డు వెనక వర్క్‌షాపులో బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. అతని ఎడమ చెవి కొంచెం పనిచేస్తోంది. ఆమె ఆ వైపుకి జరిగి మాట్లాడుతోంది.

"నా బొడిపెలు అరిగిపోయాయని ఎవరన్నారు నీతో?"

అతను చెప్పడానికి ఇష్టపడలేదు. చివరికి అన్నాడు. "డైరెక్టరుగారు. పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మీ ఆవిడ కొత్తవి అడగడానికి మొహమాటపడి పాతవే సానపట్టి నెట్టుకొస్తోందేమో, నేనేం అనడం లేదు, అడుగుతున్నానంతే అన్నారు. తర్వాత చూస్తే నువ్వు వాటిని రుమాల్లో చుట్టి ఇంటికి మోస్తున్నావు. దాచేస్తున్నావనుకున్నా. అరిగినవాటికి గ్యాసు కాస్త ఎక్కువుంటే పేలవు కదా. రోజూ కొంచెం పెంచాను. నీ మీదికి రాకూడదని."

ఆమె రుమాలు విప్పి బొడిపెలు అతని ముందు పెట్టింది. అతను వాటి మీద బొటనవేలు ఆనించి చూశాడు. అద్దంలా ఉన్నాయి.

"నాకూ టీ ఇచ్చారు" అంది ఆమె.

తర్వాత ఆమె లేచి స్పానర్లు తెచ్చింది. పేలని స్విచ్చులు కూడా ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టారు. ఆమె విప్పుతుంటే అతను ఎడం చేత్తో గొట్టాలు బల్ల మీద పేర్చాడు. అన్నిటి లోపలా అదే గోధుమరంగు పొర, ఒకే మందాన.

"ఒక్కదానిలో ఉంటే నా తప్పనుకోవచ్చు. అన్నిట్లోనూ ఉందేం?" అంది.

అతను గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. పిడుగు పడ్డ ప్రతిసారీ లోపలి గ్యాసు కాలిపోయి మసి అవుతుంది. దాన్ని తరిమేసి కొత్త గ్యాసుతో బాగా కడిగి, అప్పుడు మళ్లీ నింపాలి. కడగకుండా పైన ఇంకాస్త నింపేస్తే గేజికి ఒత్తిడి సరిగ్గానే కనిపిస్తుంది. లోపలున్నది మంచి గ్యాసో, కరెంటుని ఆపలేని మసి గ్యాసో గేజికేం తెలుసు?

"ఇంత మసి కట్టిందంటే, ఆ రోజు కడగలేదు. ఒక్కసారి కాదు, పొద్దున్నుంచీ" అన్నాడు.

"కడగాల్సింది నువ్వేగా?"

"నేను బోను తలుపు దగ్గర వెల్డరుకి రెక్క ముక్కలు అందిస్తున్నా. కడిగే బటను కంట్రోలు బల్ల మీద ఉంది. నువ్వు నొక్కావనుకున్నా."

"నేను ట్రిగ్గరు పెట్టె దగ్గరున్నా. కడగడం అయిందా అని అరిచి అడిగితే అయిందన్నారు." ఆ మాట అంటూనే ఆగిపోయింది.

అయిందన్న గొంతు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఎప్పుడూ పెంచని గొంతు.

గదిలోకి వచ్చిన వాళ్లిద్దరికీ డైరెక్టరుగారు కుర్చీలు చూపించారు. కూర్చోలేదు. ఆమె మసి గొట్టం ఆయన బల్ల మీద, ఆయన చేతికి దగ్గరగా పెట్టింది. ఆయన దాని వంక చాలాసేపు చూసి, "కడగడానికి చాలాసేపు పడుతుంది. ఆ మనిషి పక్కన కూర్చొని గడియారం చూసుకుంటున్నాడు. కొంచెం తగ్గించాను. అంతే" అన్నారు.

"కొంచెమా సార్?"

"మానేశాను."

"మరి మా ఆయన పరధ్యానంగా ఉన్నాడని నాతో ఎందుకన్నారు?"

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. అడిగానంతే."

ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు, ఒళ్లు జలదరించింది. నిజమే, కడగడం అయిందన్న ఆ ఒక్కటి తప్ప ఆయన అబద్ధం ఆడలేదు. ఒక ప్రశ్న ఈ చెవిలో, ఒక ప్రశ్న ఆ చెవిలో వేసి తలుపు వేసుకున్నాడు. మిగతాదంతా ఆలుమగలిద్దరూ వాళ్ల చేతులతో వాళ్లే చేసుకున్నారు.

"ఈ సంగతి మీరే అందరి ముందూ చెప్పాలి. చెప్పేదాకా ఆ బోనుకి ఛార్జింగు పెట్టేది లేదు" అన్నాడు అతను. అవసరానికి మించి గట్టిగానే అన్నాడు, తన గొంతు తనకి వినపడక. బయట ఉన్నవాళ్లందరికీ వినపడింది.

మర్నాడు అందరినీ పోగుచేశారు. డైరెక్టరుగారు లేచి, సమన్వయంలో లోపం జరిగిందని, పని ఒత్తిడిలో కొన్ని జాగ్రత్తలు తప్పాయని, ఇకముందు జరగదని మెత్తగా చెప్పుకుపోతున్నారు. వెల్డరు చెయ్యెత్తాడు.

"అంటే ఎవరండీ?"

"అదే, అందరం కలిసి..."

"ఆ రోజు లోపలికెళ్లింది నేనండీ. కడగనిది ఎవరో చెప్పండి."

డైరెక్టరుగారు కళ్లజోడు తీశారు. "నేనే" అన్నారు. ఆ ఒక్క మాటా చెప్పి కూర్చున్నారు.

ఆయన ఉద్యోగం పోలేదు. కంట్రోలు బల్ల తాళం మాత్రం ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నారు. కడగడం పూర్తికాకపోతే ఛార్జింగు మొదలవ్వకుండా ఆమె కొత్తగా వైరింగు చేసింది. తెగిన డంపు తీగ మార్చి, మిగతావన్నీ లాగి లాగి చూసింది.

ఇంట్లో అత్తగారికి జరిగిందంతా చెప్పారు. ఆవిడ అంతా విని, "అయితే ఎవరూ లేరంటావు" అని కొడుకు తల వైపు ఇంకోసారి చూసి వంటగదిలోకి వెళ్లిపోయింది. పూర్తిగా నమ్మినట్టు కనపడలేదు.

ఆమె మాత్రం ఒక మాట ఇంకా చెప్పలేదు. గేజి సూది పెరగడం తను చూసింది. స్విచ్చులు దారి ఇవ్వవని తెలుసు. అయినా అతన్ని పదిమందిలో బయటపెట్టాలని నోరు మూసుకుంది. అతను చేసిన తప్పు ఆమెని కాపాడటానికి చేసింది. ఆమె చేసింది అలాంటిది కాదు. ఆ తేడా ఆమెని అన్నం తిననివ్వడం లేదు.

ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, దుకాణాల మధ్యలో, ఇక ఉండబట్టలేక అంది. "నువ్వు గ్యాసు పెంచడం నాకు తెలుసు. చూశాను. తెలిసీ ఊరుకున్నా. నన్ను క్షమించు."

అతను ఆగాడు. "ఏంటి?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని.

ఆమె ఎడమ వైపుకి వచ్చి మళ్లీ చెప్పింది. బస్సు హారను కొట్టింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"తెలిసీ ఊరుకున్నా! క్షమించమంటున్నా!" అని అరిచింది. బట్టలకొట్టు ముందు నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. సైకిలు మీద పోతున్న పెద్దాయన కాలు ఆనించి మరీ ఆగి చూశాడు. ఆమె ముఖం ఎర్రబడిపోయింది.

అతను కట్టు కట్టిన చేతిని ఆమె భుజం మీద వేసి, "సరేలే, ఊరంతా వినాలా?" అన్నాడు. నడక మళ్లీ మొదలుపెట్టారు.

చెవి బాగుపడి చాలా కాలమైంది. ఆ సాయంత్రం తను మొదట అన్నప్పుడే అతనికి వినపడిందేమోనని ఆమెకి ఇప్పటికీ అనుమానమే. అడిగితే నవ్వుతాడు, చెప్పడు.